కొలనుకన్నా ఒడ్డే ముఖ్యం: మా పెరటి తేనెటీగల తోట

పెరట్లో చిన్న కొలను కట్టిస్తున్నానని చెప్పగానే ఏ చేపలు వేస్తావని అందరూ అడిగారు. నా ధ్యాసంతా ఒడ్డు మీదే. తేనెటీగ లోతు నీళ్లలో దిగి తాగలేదు, కాళ్లు ఆనించుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. సీతాకోకచిలుకకు నీళ్లకన్నా తడి మట్టి ఎక్కువ అవసరం. పూలమొక్కలు ఎన్ని పెట్టినా ఈ తడి అంచు లేకపోతే వచ్చినవి తేనె తాగి వెళ్లిపోతాయి. ఒడ్డు బాగుంటేనే ఉండిపోతాయి. ఈ తోట మొత్తం ఆ నమ్మకం మీదే మొదలుపెట్టాను.

ఇల్లు రాజమండ్రి శివార్లలో. కొలను 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. పడమటి పక్క రెండున్నర అడుగుల లోతు. తూర్పు పక్క మాత్రం వాలుగా పైకి వచ్చి, చివర బొటనవేలు మునిగేంత నీళ్లతో ఆగుతుంది. ఆ వాలు కోసం మేస్త్రీగారితో చాలా సేపు మాట్లాడాల్సి వచ్చింది, ఆయనకు తొట్టి అంటే నిలువు గోడలే. కొత్త సిమెంటు నీళ్లలోకి సున్నం వదులుతుంది కాబట్టి నింపి, అరటి బోదె ముక్కలు, పేడ వేసి నానబెట్టి, తోడేసి మళ్లీ నింపాం. నీటి క్షారగుణం చూసే పీహెచ్ స్ట్రిప్‌లో 8 దగ్గర నిలిచాకే మొక్కలు దించాను.

వాలు మీద గోదావరి ఇసుక పరిచి, పైన గులకరాళ్లు పేర్చాను. రాళ్ల వీపులు నీళ్లకు పైన పొడిగా ఉండాలి, వాటి మధ్య సందులు తడిగా ఉండాలి. శివాలయంలోని ధారపాత్రలాగా ఆ పక్కనే ఒక కుండ వేలాడదీశాను. అడుగున సన్నని చిల్లు, అందులో నూలు వత్తి. చుక్కచుక్కగా ఇసుక మీద పడుతుంది. 18 వాట్ల చిన్న పంపు ఒకటి ఉంది, దాన్ని ఉదయం, సాయంత్రం కాసేపు వేస్తాను. దాని నీళ్లు పడేది కలువలకు దూరంగా, పడమటి మూలన. కలువ ఆకుల మీద ఎప్పుడూ నీళ్లు చిందుతుంటే ఆ మొక్క సరిగా పెరగదు.

తొలకరి పడ్డాక కడియపులంక నర్సరీలకు వెళ్లాను. అక్కడ రంగులు చూస్తే మనసు ఆగదు గానీ, ముద్దబంతి, ముద్దమందారం పక్కన పెట్టి ఒంటిరేకు రకాలే తెచ్చాను. రేకులు ముద్దగా ఉన్న పూలలో చాలావాటికి పుప్పొడి తక్కువ, ఉన్న తేనె కూడా తేనెటీగకు అందదు. ఇంకో జాగ్రత్త: నర్సరీ మొక్కలకు ఇమిడాక్లోప్రిడ్‌లాంటి మందులు కొట్టి ఉండొచ్చు. అవి మొక్క లోపలికి ఇంకి పుప్పొడిలోకీ, తేనెలోకీ చేరతాయి. అందుకే తెచ్చినవాటి మొదటి పూలన్నీ తుంచేసి, కొత్త చిగుళ్లు వచ్చేదాకా విడిగా ఉంచాను. కుదిరినచోట విత్తనాలతోనే పెంచుకోవడం మేలు.

ఒడ్డును ఆనుకుని పొన్నగంటి, సరస్వతి ఆకు. పొన్నగంటి వంటకు ఎలాగూ ఉంటుంది, దాని చిన్నచిన్న తెల్లపూల మీద బొత్తాం గింజంత నీలం సీతాకోకచిలుకలు వాలతాయి. వెనక వరసలో తులసి, రుద్రజడ, గిలిగిచ్చ, నూరువరహాలు. రుద్రజడ పూసిందంటే పొద్దున ఎండ తగలగానే పుట్టతేనెటీగలతో ఆ మడి అంతా రొద. గోడవార వంగ, కంది. గోడకు రాధామనోహరం.

వంగపువ్వు దగ్గర కూర్చుని చూడాలి. దాని కేసరాల్లో పుప్పొడి బయట ఉండదు, కొనన ఉన్న సన్నని రంధ్రాల్లోంచి రాలాలి. మామూలు తేనెటీగకు అది రాదు. తుమ్మెద వచ్చి కేసరాల గుత్తిని కాళ్లతో గట్టిగా పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే ఒళ్లంతా అదరగొడుతుంది. అప్పుడు మోత ఒక్కసారిగా సన్నగా, పదునుగా మారుతుంది. పువ్వు వణుకుతుంది, పొట్ట మీద పసుపుపచ్చని పొడి రాలుతుంది. నీలం చారల చిన్న తేనెటీగ కూడా ఇదే పని చేస్తుంది. తుమ్మెద కోసం ఎండిన మునగ దుంగను కొట్టకుండా వదిలేశాను, గూడు తొలుచుకుంటుందని. నేలలో గూళ్లు పెట్టే తేనెటీగల కోసం కంది పక్కన కొంత నేలను ఆకులూ గడ్డీ కప్పకుండా ఉత్తగా వదిలాను.

దోమల సంగతి. పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా, "ఏం బాబూ, నీళ్లు ఇలా నిలవపెడితే దోమలు చేరవా?" అని అడిగారు. "చేరనివ్వనండి పిన్నిగారూ, ఓసారి వచ్చి చూడండి" అని పిలిచి చూపించాను. చెరువుల్లో దోమల కోసం వదిలే గంబూసియా నేను వేయలేదు. అది మన దేశపు చేప కాదు, తూనీగ పిల్లలనూ కప్ప గుడ్లనూ కూడా తినేస్తుంది. వరిచేల పక్క కాలువలో దొరికే పాంచాక్స్ వేశాను. నడినెత్తిన తెల్లటి చుక్క మెరుస్తూ నీటిపైనే తిరిగే చిన్న చేప ఇది, దోమ పిల్లలంటే దానికి మహా ఇష్టం. తూనీగలు వాటంతటవే వచ్చాయి. నీళ్లలో పెరిగే వాటి పిల్లలు కూడా దోమ పిల్లలను తింటాయి. చేపలు లేని పళ్లేలు, కుండీల కింద ప్లేట్లు మాత్రం శుక్రవారం శుక్రవారం ఒంపేసి తుడుస్తాను. డెంగీ దోమ కొలనుకన్నా అలాంటి చిన్న చిన్న నీళ్లలోనే ఎక్కువగా పెరుగుతుంది.

వానలు తగ్గాక సీతాకోకచిలుకలు జోరందుకున్నాయి. కుండ ధార పడే ఇసుకలో చిటికెడు ఉప్పు, కాస్త పేడ కలిపాను. మగవి అక్కడ గుంపుగా వాలి ఉప్పు పీల్చుకుంటాయి. గిలిగిచ్చ కొమ్మలు ఎండుతుంటే బ్లూ టైగర్ సీతాకోకచిలుకలు వాటికి అతుక్కుపోయాయి. అవి వచ్చేది తేనె కోసం కాదు, ఆ మొక్కలోని రసాయనాలు మగవాటికి ఆడవాటిని ఆకర్షించడానికి కావాలి. కంచె దగ్గర జిల్లేడు పీకకుండా వదిలాను, ప్లెయిన్ టైగర్ గుడ్లు పెట్టే మొక్కల్లో అదొకటి.

కరివేపాకు దగ్గర అమ్మకూ నాకూ చర్చ నడిచింది. చిగుళ్ల మీద చిన్న గొంగళిపురుగులు, నలుపు తెలుపుల్లో అచ్చం పిట్ట రెట్టలా ఉన్నాయి. పిట్టలు తినకుండా ఆ వేషం. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారతాయి. వేలితో తాకితే తల వెనక నుంచి రెండు పాయల ఎర్రటి కొమ్ము బయటికి వస్తుంది, దానితో పాటు ఘాటు వాసన. "కరివేపాకు మనకా, పురుగులకా?" అంది అమ్మ. వంటింటి పక్క చెట్టు అమ్మది, కొలను పక్క చెట్టు వాటిది అని ఒప్పందం చేసుకున్నాం. వేపనూనె రెండింటికీ కొట్టం. ఇప్పుడు కొత్త సీతాకోకచిలుకలకు పేర్లు అడిగేది అమ్మే.

కలువ గురించి ఒక ముఖ్యమైన మాట. మొదటి రోజు విచ్చిన పువ్వు నడుమ గిన్నెలో తేటగా ద్రవం నిలుస్తుంది. పుప్పొడితో వచ్చిన చిన్న ఈగలు జారి అందులో మునిగిపోతుంటాయి. అది ఆ పువ్వు పరపరాగ సంపర్కం చేసుకునే పద్ధతి, నేను జోక్యం చేసుకోను. కానీ కొలను నీళ్లలో పడినవాటికి మాత్రం ఎక్కే దారి ఉండాలి కదా, అందుకే లోతు పక్కన బెండు ముక్కలు, వెదురు చీలికలు తేలుతూ ఉంచాను.

రాధామనోహరం సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది. చీకటి పడ్డాక పొడవాటి తొండం ఉన్న పెద్ద రెక్కల పురుగులు గాల్లో నిలబడే తేనె తాగుతాయి. మర్నాటికి పువ్వు గులాబీ రంగుకు, ఆపైన ఎరుపుకు తిరుగుతుంది. ఆ పక్క లైటు తీసేశాను, వెలుగు ఉంటే అవి పువ్వును వదిలి దీపం చుట్టూ తిరుగుతాయి.

ఇక వేసవి పనులు. మే నెలలో రోజుకు దాదాపు సెంటీమీటరు నీరు ఆవిరవుతుంది, అంటే ఓ యాభై లీటర్లు. వాలు అంచు మొదట ఎండేది అప్పుడే, తేనెటీగలకు నీళ్లు బాగా కావాల్సిందీ అప్పుడే. తేనెపట్టును చల్లబరచడానికి అవి నీళ్లు మోసుకెళ్తాయి, అలవాటైన చోటు ఎండితే పక్కింటి కుళాయి దగ్గరికి చేరతాయి. అందుకని బోరు పైపుకు, నీళ్లు తగ్గితే తానే తెరుచుకునే బాల్ వాల్వ్ బిగించాలి, రాళ్ల మీద తడి గోనెపట్టా వేయాలి. గుర్రపుడెక్క ఒక్క మొక్క కనిపించినా తీసేయాలి. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు ఈశ్వరి తీగ, దాని కుటుంబపు మొక్కలు మాత్రమే తినే క్రిమ్సన్ రోజ్ సీతాకోకచిలుక కోసం ఆ తీగ వెతుకుతున్నాను. ఔషధ మొక్కలు పెంచే నర్సరీవాళ్లు తొలకరికి ఇస్తామన్నారు, ఉత్తరం గోడకు వైరు కట్టి ఉంచాను.