పానగల్ గుడిలో నీడ

పిల్లలిద్దరినీ బడి మాన్పించి ఇంట్లోనే చదివించడం మొదలుపెట్టి మూడేళ్లయింది. నల్గొండలో ఏ పెళ్లికి పోయినా ఒకటే ప్రశ్న: "బడికి పంపకపోతే రేపు పరీక్షలెట్ల రాస్తరు బిడ్డా?" ఓపెన్ స్కూల్ ఉంది, 14 ఏళ్లు నిండితే పదో తరగతి రాయొచ్చు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి కూడా నాకు నోరు పెగిలేది కాదు. మా ఆయన వైపు చూసేదాన్ని.

మొన్న పానగల్ ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లాం. గర్భగుడిలో శివలింగం వెనక గోడ మీద స్తంభం నీడ, పగలంతా కదలదు. "సూర్యుడు జరుగుతుంటే నీడెందుకు జరగదమ్మా?" అంది పాప. నేను జవాబు చెప్పలేదు. ఇంటికొచ్చి పిల్లలే అట్టపెట్టెతో గుడి కట్టారు, చాక్‌పీసులే స్తంభాలు. టార్చి నేరుగా కొడితే నీడ జరిగింది. తెల్ల కాగితాల మీద కొట్టి, రెండు వైపుల నుంచీ వెలుతురు చెదిరి వచ్చేలా చేస్తే నిలిచింది. దానికి రెండు రోజులు పట్టింది. బడి గంట మోగితే ఆ రెండో రోజు ఉండేది కాదని నా నమ్మకం.

నిన్న మా మేనత్త మళ్లీ అడిగింది. ఈసారి మా ఆయన వైపు చూడలేదు. ఓపెన్ స్కూల్ గురించి, నా భయాల గురించి, అన్నీ చెప్పాను. గొంతు వణికింది, కానీ ఆగలేదు. అత్తమ్మ చివరిదాకా విని, "ఏదీ, ఆ అట్టగుడి చూపియ్యి" అంది.