దేశం బాగుపడుతోందా? మూడో తరగతి పిల్లల పళ్లు చూడండి

మెడికోలు నలుగురు కలిస్తే మాట పీజీ సీటు మీదికే పోతుంది. సహజమే. కానీ నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ కాలేజీల్లో చదివేవాళ్లకు చాలామందికి దొరకని అవకాశం ఒకటుంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్ అనే జబ్బు, మందులతో కాకుండా మంచి నీళ్లతో తగ్గుముఖం పట్టడాన్ని ఇక్కడ కళ్లారా చూడొచ్చు. చూడటమే కాదు, కొలవొచ్చు. అందుకు స్కానింగులు, పెద్ద ల్యాబులు అక్కర్లేదు. ఒక సర్కారు బడి, పగటి వెలుతురు, ఒక రిజిస్టరు చాలు.

నల్గొండ ఫ్లోరోసిస్ గురించి 1955లోనే డాక్టర్ సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఇక్కడి గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ భూగర్భజలంలో కలుస్తుంది. కాల్షియం తక్కువగా, బైకార్బనేట్ ఎక్కువగా ఉండే నీళ్లలో అది ఇంకా ఎక్కువ కరుగుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దని, వేరే దారి లేకపోతే 1.5 వరకు సరేనని మన దేశ ప్రమాణం. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బోర్లు ఆ హద్దును ఎన్నడో దాటేశాయి. 2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక ఊరూరికీ నల్లా నీళ్లు చేరుతూ వచ్చాయి. ఆ నీళ్లు పిల్లల ఒంట్లో ఏ మార్పు తెచ్చాయో చెప్పే సాక్ష్యం వాళ్ల నోట్లోనే ఉంది.

శాశ్వత దంతాల్లో పై ముందు పళ్ల ఎనామెల్ (పన్ను మీది గట్టి పైపొర), బిడ్డ పుట్టిన మూడు నాలుగు నెలల నుంచి నాలుగైదేళ్ల వయసు దాకా తయారవుతుంది. ఆ పళ్లు చిగురు దాటి బయటికొచ్చేది ఏడెనిమిదేళ్లకు. అంటే 2018లో పుట్టిన పిల్ల ముందు పళ్లు చూస్తే, 2018 నుంచి 2022 వరకు ఆ ఇంట్లో ఏ నీళ్లు తాగారో తెలుస్తుంది. 2010లో పుట్టి అదే ఊళ్లో పెరిగిన పిల్లవాడి పళ్లు భగీరథకు ముందు నాటి నీళ్ల సంగతి చెబుతాయి. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఏ ఉపన్యాసమూ చెప్పనంత బాగా తెలుస్తుంది.

చూసే పద్ధతి ఇది. పిల్లను కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టండి. సెల్‌ఫోన్ లైటు వద్దు, దాని మెరుపులో తెల్లమచ్చలు మాయమవుతాయి. పళ్ల ఫ్లోరోసిస్ ఎంత ముదిరిందో కొలిచే డీన్ సూచిక ప్రకారం మార్కులు వేయండి. మామూలు పన్నుకు 0, అనుమానంగా ఉంటే 0.5. తెల్లదనం పన్ను ఉపరితలంలో పావువంతు లోపు ఉంటే 1, సగం లోపు ఉంటే 2. ఉపరితలమంతా పాకి, అరుగుదల కూడా ఉంటే 3. ఎక్కువగా ఇలాంటి పళ్లకు గోధుమ రంగు కూడా ఉంటుంది. గుంటలు పడితే 4. ఎక్కువ దెబ్బతిన్న రెండు పళ్లు తీసుకుని, వాటిలో తక్కువ దెబ్బతిన్న పన్ను మార్కే పిల్లకు వేయాలి. చాలామంది ఇక్కడే ఎక్కువ దాన్ని రాసేస్తారు, దాంతో ఊరి లెక్కంతా పెరిగిపోతుంది.

మార్కులన్నీ కూడి పిల్లల సంఖ్యతో భాగిస్తే ఊరి సూచిక వస్తుంది. పదిమంది పిల్లలున్నారనుకోండి: నలుగురికి 0, ఇద్దరికి 0.5, ఇద్దరికి 1, ఒకరికి 2, ఒకరికి 3. మొత్తం 8, సగటు 0.8. ఈ సగటు 0.6 దాటితే ఆ ఊరికి అది ప్రజారోగ్య సమస్యే. పదిమంది లెక్క నేర్చుకోవడానికే. ఊరి గురించి మాట చెప్పాలంటే తరగతుల్లోని పిల్లలందరినీ చూడాలి.

ప్రతి మచ్చా ఫ్లోరైడ్ కాదు. ఫ్లోరోసిస్ మచ్చలు కుడి ఎడమ పళ్ల మీద జంటగా, అడ్డగీతల్లా ఉంటాయి, గీకినా పోవు. ఒక్క పన్ను మీదే మచ్చ ఉంటే చిన్నప్పుడు తగిలిన దెబ్బో, పాలపన్నుకు చీము పట్టడమో కారణం కావొచ్చు. చిగురు అంచున సుద్దలాంటి తెలుపు పుచ్చు మొదలైందనడానికి గుర్తు. గార అయితే గీకితే వస్తుంది. పదో తరగతి అబ్బాయిల్లో గుట్కా మరక కూడా ఉండొచ్చు, మెల్లగా, ఒంటరిగా అడగాలి.

అన్నిటికన్నా ఎక్కువ లెక్క తప్పేది వలస దగ్గర. పాలమూరు, దేవరకొండ వైపు పిల్లల్లో కొందరి పసితనం ముంబైలోనో పుణేలోనో హైదరాబాద్ పక్క ఇటుక బట్టీల దగ్గరో గడిచి ఉంటుంది. ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నావని కాదు, అయిదేళ్లు వచ్చేదాకా ఎక్కడ పెరిగావని అడగాలి. ఆ సంగతి బిడ్డకు తెలియదు, తల్లికి తెలుస్తుంది. అమ్మమ్మగారింట్లో ఎన్నాళ్లున్నారో కూడా రాసుకోండి. నల్లా నీళ్లు ఊరికి ఏ నెలలో వచ్చాయో పంచాయతీ కార్యదర్శిని అడగండి.

నల్లా ఉందంటే ఆ నీళ్లే తాగుతున్నారని రాసుకోవద్దు. చాలా ఇళ్లలో తాగడానికి ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాను, వంటకు బోరు నీళ్లు వాడతారు. అన్నం, పప్పు ఆ బోరు నీళ్లనే పీల్చుకుంటాయి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. నల్లా మరమ్మతుకొచ్చిన రోజుల్లో ఏం తాగుతారో విడిగా అడగాలి. శాంపిల్‌ను ప్లాస్టిక్ సీసాలోనే పట్టండి, ఫ్లోరైడ్ గాజుతో కలిసిపోతుంది. బోరును కొన్ని నిమిషాలు వదిలేసి, సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపండి. పటికతో శుద్ధి చేసిన నీళ్లలో మిగిలే అల్యూమినియం వల్ల రంగు పరీక్షలో ఫ్లోరైడ్ తక్కువగా కనబడవచ్చు. అలాంటప్పుడు ఎలక్ట్రోడ్ మీటరు నయం. పటిక, సున్నం వేసి నీళ్లలోని ఫ్లోరైడ్ తీసే నల్గొండ టెక్నిక్‌ను మన వైవాలో (నోటి పరీక్షలో) అడుగుతారు గానీ, ఆ అల్యూమినియం, అడుగున మిగిలే బురద పారబోసే తిప్పలే దాన్ని ఇంటింటా నిలవనీయలేదని నా అభిప్రాయం.

మెడికోలకు కొన్ని కుటుంబాలను అప్పగించే కుటుంబ దత్తత కార్యక్రమంలో మనకిచ్చే ఇళ్లకు వెళ్లినప్పుడు తాతలను, అవ్వలను మరిచిపోవద్దు. మోకాళ్లు వంచకుండా నేల మీది రూపాయి బిళ్ల తీయమనండి, గడ్డాన్ని ఛాతీకి ఆనించమనండి, చేతులు రెండూ తల వెనక్కి పెట్టమనండి. చేయలేకపోతే ముంజేతి ఎక్స్‌రే తీయించాలి, రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనబడితే అనుమానం బలపడుతుంది. గట్టిపడిన ఎముక మళ్లీ మామూలు కాదు, ఆ నిజం వాళ్లకు దాచకుండా చెప్పాలి. నొప్పి తగ్గించడం, మంచి నీళ్లు, కాల్షియం, విటమిన్ సి ఉన్న తిండి: మన చేతిలో ఉన్నవి అవే. వాళ్లకు అందని మేలు మనవళ్లకు అందుతోందా అన్నదే మన లెక్క తేల్చాల్సింది.

మొదలుపెట్టే ముందు కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి, హెడ్‌మాస్టర్ ఒప్పుకోలు, తల్లిదండ్రుల సంతకం, పిల్ల ఇష్టం నాలుగూ ఉండాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ల రెండు నెలల విద్యార్థి పరిశోధన పథకానికి ఇది సరిగ్గా సరిపోయే అంశం. పేర్లు రాయొద్దు, కోడ్ నంబర్లు వేయండి.

రెండు నెలలతో లెక్క పూర్తి కాదు. రెండో పెద్ద దవడపళ్లు పదకొండు నుంచి పదమూడేళ్ల మధ్య వస్తాయి. 2018లో పుట్టిన పిల్లలకు అవి 2030 నాటికి కనబడతాయి. అప్పటికి ఇవాళ్టి ఫస్టియర్ వాళ్లు డాక్టర్లయి ఎక్కడెక్కడో ఉంటారు. అందుకే బడి పేరు, వెళ్లిన తేదీ, కోడ్ నంబర్లు, నీళ్ల ఫలితాలు, ఎవరు మార్కు వేశారన్న వివరం రాసిన రిజిస్టరును కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో అప్పగించి, కింది బ్యాచ్‌లో ఇద్దరిని వెంట తీసుకెళ్లి అదే బడి, అదే కిటికీ చూపించి రండి.