ఫోన్ లోపల పెట్టండి

"ఫోన్ లోపల పెట్టండి. ఇక్కడ ఫొటోలు తీయకూడదు."

ప్రభుత్వ ఆఫీసులో క్లర్క్ నాతో అన్న మాట ఇది. పాత రిజిస్టర్ నా ముందే తెరిచి ఉంది. చదవొచ్చట, చేత్తో రాసుకోవచ్చట కూడా. ఫొటో మాత్రం కుదరదు. కాపీ కావాలంటే దరఖాస్తు, ఫీజు. నాకు కావలసినవి 41 పేజీలు.

మధ్యలో నాలుగు మడతల మ్యాప్ ఒకటి. జిరాక్స్ మెషీన్ అద్దం మీద పట్టక ముక్కలుగా తీసి, ముక్కకో పేజీ లెక్క వేశారు. ఇంటికొచ్చి టేపుతో అతికిస్తే, నాకు కావలసిన సరిహద్దు గీత సరిగ్గా అతుకు దగ్గరే మాయం!

క్లర్క్ మంచాయనే, ఆయన్ని అనడానికేం లేదు. కాగితం, ఇంకు, మనిషి టైమ్ ఖర్చయినప్పుడు ఫీజు సరే. నా ఫోన్‌తో నేను తీసుకుంటే ఎవరికి ఖర్చు? పైగా పాత పుస్తకాన్ని అద్దం మీద బోర్లించి నొక్కితే కుట్టు ఊడుతుంది. ఫొటోకి ఆ బాధ లేదు. పాత ప్రభుత్వ రికార్డులు దాచే బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో చదువుకునే గదిలోకి సొంత కెమెరా తీసుకెళ్లి ఉచితంగా ఫొటోలు తీసుకోనిస్తారు.

అన్నట్టు, ప్రభుత్వ కాగితాలు చూసే, నకలు తీసుకునే హక్కును స్వీడన్ 1766లోనే చట్టంలో రాసింది. కెమెరా ఇంకా పుట్టని కాలం అది.

ముద్ర, సంతకం ఉన్న ధ్రువీకరించిన నకలుకి ఫీజు తీసుకోండి, కాదనను. ఊరికే చదువుకునే కాపీకీ అదే రేటెందుకు?

రేపు మళ్లీ వెళ్తున్నా, ఆ అతుకు దగ్గర గీతను చూసి గీసుకు రావడానికి. పెన్సిల్ తెచ్చుకోవచ్చట.