బోదె గట్టు మీద ముగో

నారుమడికి నీళ్లు పెట్టడానికెళ్లి, బోదె గట్టు మీదే కెన్యా రచయిత గూగీ వా థియాంగో నవల, 1967లో వచ్చిన 'ఎ గ్రెయిన్ ఆఫ్ వీట్' చదవడం పూర్తిచేశాను. నీళ్లు మడి దాటిపోయాయి. నాన్నగారు తిట్టారు.

కెన్యాకి స్వాతంత్ర్యం 1963 డిసెంబర్ 12న వచ్చింది. దానికి ముందు కొద్ది రోజుల కథ ఇది. ఊరంతా ముగోని వీరుడనుకుని ఉపన్యాసం ఇమ్మంటుంది. తెల్లవాళ్ల మీద తిరగబడ్డ కిహికాని పట్టించాడన్న అనుమానమంతా కరంజా అనే ఇంకొకడి మీద. కానీ అతన్ని తెల్లదొరకి పట్టించింది ముగోయే! డబ్బాశ ఒక్కటే కాదు, నన్ను నా మానాన బతకనివ్వరేం అన్న ఉక్రోషం. అక్కడే నాకు భయమేసింది, ఆ ఉక్రోషం నాకూ తెలుసు కాబట్టి.

చిన్నప్పుడు, అమలాపురం దగ్గర మా బడిలో జెండా పండక్కి ఓ తాతగారికి శాలువా కప్పేవారు. ఒక్క ముక్కా మాట్లాడేవారు కాదు. ఆయనా అలాగేనా అని అమ్మనడిగాను.

"పిచ్చిమొహమా, ఆయనకి చెవుడు."