బెణుకు అనుకున్నది ఆపరేషన్ దాకా వెళ్లింది: నా అనుభవం

మాది నల్గొండ. ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. బతుకమ్మకు పుట్టింటికి వెళ్లినప్పుడు తంగేడు పూల కోసం గుట్ట ఎక్కి దిగుతుంటే రాయి కదిలి కుడి కాలు లోపలికి మడత పడింది. సాయంత్రానికి చీలమండ పొంగిపోయింది. ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదు, బెణుకే అన్నారు. కట్టు, మందులు, రెండు వారాల విశ్రాంతి. వాపు తగ్గింది, ఇక అయిపోయిందనుకున్నాం.

మిషన్ తొక్కడమంటే పొద్దంతా చీలమండ పైకీ కిందికీ ఆడటమే కదా. మధ్యాహ్నం దాటితే లోపలెక్కడో నొప్పి మొదలయ్యేది. వేలితో నొక్కి ఇక్కడ అని చూపించలేనంత లోతు. మెట్లు దిగుతుంటే ఒక్కోసారి కటుక్కున పట్టేసేది. ఊళ్లో నూనె రాసి కట్టు కట్టారు, కాపడం పెట్టాను. మళ్లీ చూపించుకుంటే అదే పాత ఎక్స్‌రే చూసి "బెణుకు మెల్లగా తగ్గుతుందమ్మా" అని పంపించారు. అట్లా ఎనిమిది నెలలు పోయాయి. తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. బెణుకు నొప్పి రెండు మూడు నెలలైనా పోకపోతే, ఎంఆర్‌ఐ తీయించాలా అని దయచేసి నోరు తెరిచి అడగండి. కీలులో ఎముక మీద ఉండే గుజ్జు ఎక్స్‌రేలో కనపడదు.

చివరికి హైదరాబాద్‌లో ఎంఆర్‌ఐ తీస్తే తెలిసింది. చీలమండ లోపల టాలస్ అనే ఎముక ఉంటుంది. ఒంటి బరువంతా దాని మీదుగానే పాదానికి దిగుతుంది. దాని పైన ఉండే గుజ్జు, అంటే కార్టిలేజ్, 9 మిల్లీమీటర్ల మేర చిట్లి, కింద ఎముక కూడా దెబ్బతిన్నది. గుజ్జుకు రక్తనాళాలు ఉండవు, అందుకే తనంతట తాను మానదట.

దెబ్బ పెద్దదైతే మోకాలి నుంచి గుజ్జుతో పాటు ఎముక ముక్క తెచ్చి అమర్చాల్సి వస్తుందన్నారు. నాది చిన్నది కాబట్టి ఎముకకు సన్నటి రంధ్రాలు పెడతామన్నారు. వాటిలోంచి మూలుగ రక్తం వచ్చి గడ్డకట్టి, కొన్ని నెలల్లో కొత్త గుజ్జుగా మారుతుంది. "పుట్టుకతో వచ్చిన గుజ్జంత గట్టిగా ఉండదమ్మా, అతుకు లాంటిది" అన్నారు డాక్టర్ గారు. అతుకు అనగానే నాకు మొత్తం అర్థమైపోయింది.

జూన్‌లో బడులు తెరుస్తారు, యూనిఫామ్‌ల ఆర్డర్లు ఒప్పుకొని ఉన్నాను. అవి ఇచ్చేసి జూలైలో చేయించుకున్నాను.

నడుముకు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, కాలికి రక్తం రాకుండా తొడకు బెల్టు బిగించారు. చీలమండ ముందు రెండు చిన్న గాట్లు, ఒకదాంట్లోంచి కెమెరా. చూస్తానంటే తెర నా వైపు తిప్పారు. గుజ్జు తెల్లగా, నున్నగా ఉంది. ఒకచోట మాత్రం పోగులు లేచిన పాత బట్టలా ఉంది. వదులుగా వేలాడేదంతా తీసేసి, గట్టి అంచు దొరికేదాకా చెక్కారు. చిరుగు చుట్టూ పోగులు కత్తిరించకుండా మేమూ అతుకు వేయం. తర్వాత సూదిమొన లాంటి పరికరంతో వరుసగా రంధ్రాలు. లోపల స్పష్టంగా కనపడటానికి ఎక్కించే నీళ్లు ఆపి, బెల్టు వదిలేసరికి ఒక్కో రంధ్రంలోంచి ఎర్రటి బొట్టు పైకి వచ్చింది. ఆ బొట్ల మీదే నా కాలు ఆధారపడి ఉందని అనుకుంటే గుండె దడదడలాడింది.

ఆపరేషన్ గంటలో అయిపోయింది. కష్టమంతా తర్వాత ఆరు వారాలు. కుడి కాలు నేలకు ఆనకూడదు, ఆనితే ఆ రక్తపు గడ్డ నలిగిపోతుంది. వాకర్, కమోడ్ కుర్చీ, బాత్రూంలో ప్లాస్టిక్ స్టూలు ముందే తెచ్చి పెట్టుకోండి. మేము ఇంటికొచ్చాక వెతుక్కున్నాం. మూడో వారంలో ఒక రాత్రి నిద్రమత్తులో మంచం దిగబోయాను. పక్కనే పడుకున్న అత్తమ్మ గబుక్కున నా మోకాలు పట్టుకొని "కాలు కింద పెట్టకు బిడ్డా, ఏం కావాల్నో చెప్పు, నేను తెస్తా" అంది. ఆ ఆరు వారాలూ ఆమెకు కూడా సరిగ్గా నిద్ర లేదు.

కుట్లు విప్పాక, బరువు పెట్టకుండానే పాదాన్ని పైకీ కిందికీ ఆడించమన్నారు. ఆ కదలికే కొత్త గుజ్జుకు మంచిదట. మంచం మీద కూర్చొని, గాలిలో మిషన్ తొక్కుతున్నట్టు రోజుకు ఎన్నోసార్లు చేశాను. ఆరు వారాలకు కట్టు తీసి చూస్తే పిక్క కరిగిపోయింది. నా టేపుతోనే కొలిచాను. ఎడమది పదమూడు అంగుళాలు, కుడిది పదకొండున్నర. ఫిజియోథెరపీ తప్పించుకోకూడదని అప్పుడే అనుకున్నాను. ఆ ఏడు బతుకమ్మ నాడు కుర్చీలో కూర్చొనే చప్పట్లు కొట్టాను.

ఇప్పటికి పది నెలలు. మెట్లు నొప్పి లేకుండా దిగుతున్నాను. పొద్దున లేవగానే కాసేపు బిగుసుకుపోయి ఉంటుంది. కింద కూర్చొని బట్ట కత్తిరించడం మానేసి బల్ల చేయించుకున్నాను. మిషన్‌కు మోటారు పెట్టించి ఎడమ కాలితో నడుపుతున్నాను. పోయిన వారం మళ్లీ పిక్కలు కొలిస్తే తేడా అరంగుళమే ఉంది.