ప్యూజెట్ సౌండ్‌లో సాల్మన్: తెరిచి ఉందా, మూసేశారా? (నా అనుభవం)

వాషింగ్టన్ రాష్ట్రంలో గాలం వేయడానికి లైసెన్సు కొనడం చిటికెలో పని. ఫలానా రోజు, ఫలానా నీళ్లలో, ఫలానా రకం సాల్మన్ పట్టొచ్చా లేదా అన్నది తేల్చుకోవడమే అసలు తతంగం. సియాటిల్ ముందరి సముద్రపు పాయే ప్యూజెట్ సౌండ్. సియాటిల్ పక్కన రెడ్మండ్, బాతెల్, ఇసాక్వా వైపు ఉండే మనవాళ్లు జూలైలో తరచూ అడిగేది ఇదే: "మొన్న తెరిచే ఉంది కదండీ, ఇవాళ ఎందుకు మూసేశారు?" మన తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. తేదీ చూసుకుంటే చాలు. ఇక్కడ తేదీతో పాటు లెక్క కూడా చూడాలి. ఆ లెక్క ఎవరు వేస్తారో, ఎలా వేస్తారో తెలిస్తే మూసివేతలు అంత ఆశ్చర్యంగా అనిపించవు.

ముందు కాగితాల సంగతి. 15 ఏళ్లు నిండినవాళ్లకి లైసెన్సు తప్పదు. ఈ రాష్ట్రంలో వరసగా 90 రోజులు నివాసముంటే స్థానికుల ధర వర్తిస్తుంది. సముద్రపు నీళ్ల లైసెన్సు విడిగా కొనొచ్చు. నదులు, చెరువులు, నత్తగుల్లలు అన్నీ కావాలంటే కాంబో తీసుకోవడం మేలు. సాల్మన్‌కి క్యాచ్ రికార్డ్ కార్డు (ఉంచుకున్న చేపలు రాసే కార్డు) వేరుగా ఉంటుంది, అడిగి తీసుకోవాలి. కొత్తవాళ్లు తికమకపడేది ఒకటుంది: లైసెన్సు ఏడాది ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా, నియమాల పుస్తకం ఏడాది జూలై 1 నుంచి జూన్ 30 దాకా. ఏప్రిల్‌లో కొత్త లైసెన్సు కొన్నా పాత పుస్తకమే నడుస్తూ ఉంటుంది. జూలై మొదట్లో పుస్తకం మారిందో లేదో చూసుకోకుండా పడవ దించితే ఇబ్బందే.

సముద్రాన్ని మెరైన్ ఏరియాలుగా విడగొట్టారు. సియాటిల్ ముందరి నీళ్లు 10, టకోమా వైపు 11, పైన ఆడ్మిరల్టీ ఇన్లెట్ 9, ఎవరెట్ దగ్గర 8-2. ఒక ఏరియాలో చెల్లే నియమం పక్క ఏరియాలో చెల్లదు. ఎడ్మండ్స్ దగ్గర ఎడ్వర్డ్స్ పాయింట్ నుంచి అవతలి ఒడ్డున యాపిల్ కోవ్ పాయింట్ దాకా ఒక ఊహారేఖ ఉంది. దానికి ఉత్తరాన 9, దక్షిణాన 10. ఒకటి మూసి ఇంకొకటి తెరిచి ఉన్న రోజున, ట్రోలింగ్ చేస్తూ (నడిచే పడవ వెనక ఎర లాగుతూ) అలల వెంట కొట్టుకుపోతే తెలియకుండానే గీత దాటేస్తాం. అందుకే జీపీఎస్‌లో ఈ గీతని ముందే గీసిపెట్టుకుంటాను. పడవ లేనివాళ్లకి ఒక వెసులుబాటు: చుట్టూ సాల్మన్ మూసి ఉన్నా కొన్ని పబ్లిక్ పియర్ల (ఒడ్డు నుంచి నీళ్లలోకి కట్టిన వంతెనల) మీద ఏడాది పొడుగునా గాలం వేయనిస్తారు. వాటి జాబితా, అక్కడి పరిమితులు పుస్తకంలో విడిగా ఉంటాయి.

పుస్తకం చదవడంతో పని అయిపోదు. చేపల శాఖ సీజన్ మధ్యలో ఎమర్జెన్సీ రూల్స్ ఇస్తుంది, అవి పుస్తకాన్ని కొట్టేస్తాయి. వారంలో మూడు రోజులే తెరిచే ఏరియాలో మధ్యలోనే మూసేస్తున్నామన్న కబురు రావచ్చు. నా అలవాటు: ముందు రోజు రాత్రి ఒకసారి, తెల్లవారి పడవ దించే ముందు ఇంకోసారి శాఖ సైట్‌లో ఎమర్జెన్సీ రూల్స్ పేజీ చూస్తాను. నీళ్లమీద అన్నిచోట్లా సిగ్నల్ ఉండదు కాబట్టి స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటాను.

ఇక లెక్క. గోదావరికి ఎదురీదే పులసలాగే సాల్మన్ కూడా సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి తను పుట్టిన నదికే వస్తుంది. సముద్రంలో అన్ని నదుల చేపలూ కలిసి తిరుగుతాయి. సాల్మన్‌లో ఒక రకమైన చినూక్, ప్యూజెట్ సౌండ్‌లోది, 1999 నుంచి ఫెడరల్ చట్టం కింద ముప్పులో ఉన్న జాతి. స్టిలగ్వామిష్ లాంటి, చేపలు బాగా తగ్గి బలహీనపడిన నదులవి ఎన్ని చనిపోవచ్చన్నదే మొత్తం సీజన్ పొడవుని శాసిస్తుంది. మిగతా నదుల చేపలు పుష్కలంగా ఉన్నా సరే, గుంపులో ఈ బలహీనమైనవి కలిసి ఉంటాయి కదా.

ఈ లెక్కలో రాష్ట్రం ఒంటరిగా లేదు. 1854-55లో గవర్నర్ ఐజాక్ స్టీవెన్స్ ఇక్కడి ఆదివాసీ తెగలతో మెడిసిన్ క్రీక్, పాయింట్ ఇలియట్, పాయింట్ నో పాయింట్ లాంటి ఒప్పందాలు చేసుకున్నాడు. భూమి చాలావరకు వదులుకున్న తెగలు తమ అలవాటైన చోట్ల చేపలు పట్టే హక్కుని మాత్రం తమ దగ్గరే ఉంచుకున్నాయి. ఆ హక్కుని రాష్ట్రం దశాబ్దాలపాటు తొక్కిపెట్టింది. నిస్క్వాలీ తెగకి చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్ యాభైసార్లకి పైగా అరెస్టయ్యాడు. చివరికి 1974 ఫిబ్రవరి 12న జడ్జి జార్జ్ బోల్ట్ తీర్పు: పట్టదగిన చేపల్లో సగం ఒప్పంద తెగలవి. 1979లో సుప్రీంకోర్టు దాన్ని ప్రధానంగా నిలబెట్టింది. 'పట్టదగిన' అన్న మాట ముఖ్యం. గుడ్లు పెట్టడానికి నదికి చేరాల్సినవాటిని ముందు పక్కన పెట్టి, మిగిలిందాన్నే పంచుతారు. మన గాలాలు, తెగలకి చెందని వాణిజ్య పడవలు కలిసి రెండో సగంలో సర్దుకోవాలి. "వాళ్లు వల వేస్తున్నారు, మనకేమో మూసేశారు" అని పడవలు దించే ర్యాంపు దగ్గర గొణిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆ వల వాళ్ల సగంలోది, మనకి మూసింది మన సగంలోంచి. తెగల జీవశాస్త్రవేత్తలు నదుల్లో గుడ్ల గుంటలు లెక్కపెడతారు, హ్యాచరీలు నడుపుతారు. ఆ హ్యాచరీ పిల్లలు పెద్దయ్యాక మన గాలానికీ పడతాయి. టులేలిప్ తెగ హ్యాచరీ చినూక్ కోసం 8-2లో 'టులేలిప్ బబుల్' అని ప్రత్యేక ప్రాంతం ఉంది. ఏటా వేసవిలో అక్కడ రాష్ట్ర లైసెన్సుతో వారాంతాల్లో పట్టుకోనిస్తూ వచ్చారు.

ఏటా ఫిబ్రవరి చివర్లో అంచనాలు బయటపెట్టి, ఏప్రిల్ మధ్యకల్లా రాష్ట్రం, తెగలు కూర్చుని సీజన్లు తేల్చే ప్రక్రియ పేరు నార్త్ ఆఫ్ ఫాల్కన్. ఆరెగాన్‌లోని కేప్ ఫాల్కన్‌కి ఉత్తరాన ఉన్న నీళ్లకి సంబంధించింది కాబట్టి ఆ పేరు. ఒప్పందం కుదరకపోతే ఏమవుతుందో 2016లో చూశాం. గడువులోగా తేలలేదు. ముప్పులో ఉన్న జాతిని ముట్టుకోవాలంటే ఫెడరల్ అనుమతి కావాలి, రాష్ట్రానికి అది ఉమ్మడి ప్రణాళిక ద్వారానే వస్తోంది. విడిగా తెచ్చుకోవాలంటే చాలా కాలం పడుతుంది. దాంతో మే 1 నుంచి ప్యూజెట్ సౌండ్‌లో సాల్మన్ గాలాలు ఆగిపోయాయి. ఆ నెలాఖరుకి ఒప్పందం కుదిరినా, నీళ్లు తెరుచుకోవడానికి ఫెడరల్ సంతకం దాకా ఆగాల్సి వచ్చింది.

ఒప్పందం కుదిరాక మన వంతు లెక్క చిన్న చిన్న కోటాలుగా ఏరియాలకి చేరుతుంది. ఇంటికి తీసుకెళ్లినవే కాదు, గాలానికి తగిలి వదిలేసినవి కూడా కోటాలోకి వస్తాయి. ప్యూజెట్ సౌండ్‌లో చినూక్ కనీసం 22 అంగుళాలుండాలి. అంతకంటే చిన్నవాటిని అందరూ షేకర్లు అంటారు. వదిలినవాటిలో కొన్ని చనిపోతాయని లెక్క కడతారు కాబట్టి, షేకర్లు ఎక్కువ తగిలినా సీజన్ ముందే మూసేయొచ్చు. సంచిలో ఒక్క చేపా లేకుండా పొద్దంతా షేకర్లు వదులుతూ కూర్చున్న పడవ కూడా కోటాని కరిగిస్తున్నట్టే. షేకర్లు వరసగా తగిలితే నేను చోటు మారుస్తాను, లోతు మారుస్తాను, ఎర పెద్దది కడతాను.

తగిలిన చేపని ఏం చేయాలో నీళ్లలోనే తేల్చాలి. వదలాల్సిన చేపని పడవలోకి ఎత్తడమే నేరం. పడవ పక్కన చేప తల వైపు వంగి చూస్తే: కింది దవడ పళ్ల చిగురు నల్లగా, తోక రెండు పాయల మీదా చుక్కలుంటే చినూక్. చిగురు తెల్లగా, చుక్కలు పై పాయ మీదే ఉంటే కోహో అనే ఇంకో రకం సాల్మన్. తర్వాత వీపు రెక్కకీ తోకకీ మధ్య ఉండే చిన్న మెత్తటి అడిపోస్ రెక్క చూడాలి. హ్యాచరీల్లో పిల్లప్పుడే దాన్ని కత్తిరిస్తారు, అది లేకుండా మానిన మచ్చ ఉంటే హ్యాచరీ చేప. రెక్క ఉంటే సహజ చేప కింద లెక్క, చినూక్ అయితే వదిలేయాలి. కోహో విషయం ఏరియాని బట్టి, నెలని బట్టి మారుతుంది. గాలం ఒకే మొన ఉన్నది, మొన దగ్గర వెనక్కి తిరిగే ముల్లు లేనిది కావాలి. ముల్లుని పట్టకారుతో పూర్తిగా నొక్కి, నూలు గుడ్డలో గుచ్చి లాగి చూస్తాను. పోగు తగులుకుంటే ఇంకా నొక్కాలి. వల రబ్బరుదైతే పొలుసు ఊడదు.

ఉంచుకున్న చేపని వెంటనే కార్డులో పెన్నుతో రాయాలి: తేదీ, ఏరియా కోడ్, రకం, రెక్క కత్తిరించిందా లేదా. "ఒడ్డుకెళ్లాక రాద్దాంలే" అనుకున్నప్పుడే అధికారి పడవ పక్కకి వస్తుంది. ర్యాంపు దగ్గర శాఖ మనిషి చేప మూతి మీద డిటెక్టర్ తిప్పుతాడు. అది కూసిందంటే లోపల 1.1 మిల్లీమీటర్ల తీగముక్క ఉన్నట్టు. మూతి కోసి తీసుకెళ్తానంటే ఇచ్చేయండి, మాంసానికి నష్టమేమీ లేదు. ఆ చేప ఏ హ్యాచరీదో, ఏ ఏడాదిదో ఆ తీగ చెబుతుంది. ఏమీ పడకపోయినా, ఎన్ని వదిలారో నిజం చెప్పాలి. కోటాలో ఎంత వాడేశారన్నది ఈ మాటల మీదే కడతారు. ఆ అంచనాలని సీజన్‌లో శాఖ తన సైట్‌లో పెడుతుంది. ఏరియా 10 చినూక్ సగం దాటిందని కనిపిస్తే వచ్చే వారానికి సెలవు పెట్టుకోవద్దని నా సలహా. ఈ వారమే వెళ్లండి, లేదా కోహో కోసం ఆగండి. బేసి సంవత్సరమైతే పింక్ సాల్మన్ కూడా ఉంటుంది.

తెగల వలల దగ్గర జాగ్రత్త. వరసగా తేలియాడే బెండ్లు, చివర్లలో బోయాలు కనిపిస్తే డౌన్‌రిగ్గర్ (కేబుల్‌కి బరువు కట్టి ఎరని లోతుకి దించే సాధనం) ఎత్తేసి చుట్టూ తిరిగి వెళ్లాలి. చినూక్ రోజుల్లో బరువుతో వల మీదుగా పోయినవాళ్లు కేబుల్ పోగొట్టుకున్నారు, వల కూడా చింపారు.

సీజన్ మీద మీ మాట చెప్పాలంటే దానికి మార్చి నెల సరైనది. బహిరంగ సమావేశాలు జరుగుతాయి, ఆన్‌లైన్‌లోనూ రాయొచ్చు. "మాకు ఇంకా రోజులివ్వండి" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు, మొత్తం అంకె అప్పటికే బిగిసిపోయి ఉంటుంది. ఏ ఏరియాలో ఏ నెల తగ్గించి ఎక్కడ కలపాలో రాయండి. ఉదాహరణకి, షేకర్లు ఎక్కువ తగిలే చలికాలం రోజుల్ని వదులుకుని జూలైలో అదనపు రోజులు అడగొచ్చు. అలాంటి మార్పిడి రాష్ట్రం తన వంతులోనే చేసుకోగలదు, తెగలతో మళ్లీ మొదటి నుంచి బేరం పెట్టాల్సిన పని తక్కువ.