డైస్‌లో 20 పడితే ప్రేమ పుట్టదు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుని, డైస్ వేస్తూ కథ అల్లే ఆట) ఆడేవాళ్లకు ఒక మాట. మీ పాత్ర లైంగికత ఏమిటో తేల్చుకోవాల్సింది మీరేనని ఆట నియమాల పుస్తకమైన 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లోనే ఉంది. పాత్ర వివరాలు రాసుకునే షీట్‌లో దానికి గడి లేదు కాబట్టి వెనకవైపు రెండు ముక్కలు రాసుకోండి: ఎవరంటే ఆకర్షణ, ఇప్పుడు తోడు కావాలనుందా లేదా. ఎవరిమీదా ఆకర్షణ లేకపోవడమూ పూర్తి జవాబే.

అసలు పేచీ పర్సుయేషన్ (మాటలతో ఒప్పించే నైపుణ్యం) దగ్గర. ఇరవై ముఖాల డైస్‌లో అన్నిటికన్నా పెద్దదైన 20 పడిందని మగవాళ్లంటే ఆసక్తి లేని సత్రం యజమానురాలు మీ యోధుడి వెంట పడదు. ఆ రోల్‌తో గది అద్దె తగ్గొచ్చు, ఓ రహస్యం బయటపడొచ్చు. చార్మ్ పర్సన్ మంత్రమైనా గంటసేపు స్నేహితుడిలా చూసేలా చేస్తుందంతే; అది దిగాక మంత్రం వేశారని ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది కూడా.

అందుకే డీఎం (ఆటను నడిపిస్తూ, సత్రం యజమానురాలి లాంటి మిగతా పాత్రలను ఆడే వ్యక్తి) తన పాత్రల ఇష్టాలు ముందే నోట్స్‌లో పెట్టుకోవాలి. లేకపోతే ఎవరు గట్టిగా అడిగితే కథ అటే ఒరిగిపోతుంది.

మాన్‌స్టర్‌హార్ట్స్ అనే ఇలాంటి మరో ఆటలో దారి వేరు. అక్కడ మీ పాత్ర మనసు ఎవరికి చలిస్తుందో రెండు డైస్ చెబుతాయి, దానికి ఎలా స్పందించాలన్నది మాత్రం మీ ఇష్టం. ఆ పద్ధతి నాకు చాలా నచ్చుతుంది, కానీ సెషన్ జీరోలో (ఆట మొదలయ్యేముందు కూర్చుని మాట్లాడుకునేటప్పుడు) అందరూ ఒప్పుకున్నాకే.